వాడి బదులు నేను చెప్పిన జవాబులు

పళ్ళాసుపత్రి మెట్లు దిగి పారిపోతున్న నా చిన్నకొడుకును వెనకనుంచి చొక్కా పట్టుకుని ఆపాను. పోయిన వారం కథలో మనం ఆగింది అక్కడే.

చిన్నాడంటే చిన్నవాడేం కాదు. పిల్లల్ని బడికి తీసుకెళ్ళే బస్సు నడుపుతాడు. బండినిండా అరిచే పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలడు గానీ సూది పేరెత్తితే మాత్రం వాడే చంటిపిల్లాడైపోతాడు. కింది దవడలో పన్ను పుచ్చి బుగ్గ బంతిలా వాచింది. మందులు మింగితే వాపు కొంచెం దిగింది. దిగినప్పుడే పన్ను తీయించకపోతే ఈసారి చీము మెడలోకి జారుతుందని పళ్ళ డాక్టరమ్మ చెప్పింది. మెడలోకి జారితే ఏమవుతుందని నేను అడగలేదు. అడక్కుండానే నాకు అంతా కళ్ళకు కట్టింది.

పన్ను ఒక్కటే అయితే ఇంత బెంగ ఉండేది కాదు. శిక్షణ అని చెప్పి ఎక్కడికో వెళ్ళి వచ్చినప్పటి నుంచీ వాడు తల ఎత్తడం లేదు. తింటున్నా నేలచూపే, మాట్లాడుతున్నా నేలచూపే. పడుకుంటే బోర్లా పడుకుంటాడు. పనికి ఎందుకు వెళ్ళడం లేదంటే సెలవు అంటాడు. తప్పు చేసినవాడే తల దించుకుంటాడని మా అమ్మ అనేది. ఏం తప్పు చేశాడో తెలియక నేను ఒక్కో పూటకు ఒక్కో తప్పు అంటగట్టుకుని కుమిలిపోయాను. బస్సు కింద ఎవరైనా పడ్డారా, తాగుడు మొదలుపెట్టాడా, ఎవరి పిల్లనైనా మోసం చేశాడా అని. పోనీ ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరున్నారు? వాళ్ళ నాన్న ఎప్పుడో పోయాడు. గడియారాలు బాగుచేసే నా పెద్దకొడుకు భార్యతో వేరు వెళ్ళిపోయాడు. కోడలే వాణ్ణి విడదీసిందని నలుగురిలో అనేశాను. నా గడప తొక్కవద్దనీ అన్నాను. మాట అన్నాక వెనక్కి ఎలా తీసుకోవాలో నాకు తెలియదు, తొక్కకుండా ఉండటం ఆవిడకు బాగా తెలుసు.

సరే, వాణ్ణి మెట్లమీంచి పైకి నడిపించుకు వచ్చాను. డాక్టరమ్మ విసుక్కోలేదు. నా పెద్దాడి వయసు కూడా ఉండదు ఆవిడకు. పారిపోయేవాళ్ళు తరచూ వస్తూనే ఉంటారని, వాళ్ళకోసమే ఈ మిషను తెప్పించానని కుర్చీ పక్కనున్న చక్రాల బండిని చూపించింది. దానికి రెండు సిలిండర్లు, రెండు మరలు. ఊపిరి పీల్చినప్పుడల్లా లొట్టపోయి మళ్ళీ ఉబ్బే రబ్బరు సంచి ఒకటి. పొడుగాటి గొట్టం, దాని కొసన మెత్తటి ముక్కు తొడుగు.

గ్యాస్ అంటే నాకు తెలిసింది వంటింట్లో సిలిండరే. దాని వాసన తగిలితే కిటికీలు తెరిచి బయటికి పరిగెత్తమంటారు. ఇక్కడేమో తలుపు వేసుకుని మరీ పీల్చమంటున్నారు. నా మొహం చూసి డాక్టరమ్మకు అర్థమైనట్టుంది. ఇది నిద్ర మత్తు కాదని, మనిషికి మెలకువ ఉంటుందని, పిలిస్తే పలుకుతాడని నిదానంగా చెప్పింది. వేళ్ళ కొసలు జివ్వుమంటాయట, ఒళ్ళు వెచ్చబడుతుందట, భయం ఉన్నచోటే ఉంటుంది గానీ కాస్త దూరంగా జరిగి కూర్చుంటుందట. అయిపోయాక కాసేపు ప్రాణవాయువు ఇస్తే గ్యాస్ వచ్చిన దారినే పోతుందట, వాడు తన కాళ్ళమీద తను నడిచి ఇంటికి వెళ్ళవచ్చట.

లేవకపోతే ఏం చేస్తారని అడిగాను. అసలు పడుకోడని చెప్పింది. నవ్వు మొదలై ఆగకపోతేనో అన్నాను. ఈ గదిలో నవ్వేవాళ్ళు దొరకడమే తక్కువ, నవ్వితే సంతోషమే అంది. అక్కడితో ఊరుకోకుండా, భయపడేవాళ్ళకు ముందు అమ్మకు పెట్టి చూపించడం మా పద్ధతి అంటూ ఆ తొడుగు తెచ్చి నా ముక్కుకు పెట్టింది. చంటిపిల్లల సబ్బు వాసన వేసింది. రెండుసార్లు పీల్చానో లేదో కాళ్ళు తేలిపోయాయి. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, నాకు ఎక్కేసింది, తీసెయ్యండి అన్నాను.

"ఇంకా ఏ మరా తిప్పలేదమ్మా. మీరు పీల్చింది ఈ గదిలో గాలే," అంది డాక్టరమ్మ.

పక్కనున్న నర్సమ్మాయి అటు తిరిగి పరికరాలు సర్దడం మొదలుపెట్టింది. దించిన తల దించినట్టే ఉన్నా చిన్నాడి భుజాలు కదిలాయి. ఎన్నాళ్ళకు నవ్వాడో. సిగ్గు పోతే పోయింది, నా ధైర్యం తిరిగొచ్చింది.

తరవాత ప్రశ్నలు మొదలయ్యాయి. గ్యాస్ పెట్టే ముందు అందరినీ అడిగేవేనట. ముక్కు దిబ్బడ ఉందా అని వాణ్ణి అడిగితే, లేదు, మొన్న తుమ్మాడు గానీ అది దుమ్ము తుమ్ము అని నేను చెప్పాను. ఉబ్బసం ఉందా అంటే మా వైపు లేదు, వాళ్ళ నాన్న వైపూ లేదు అన్నాను. వాడు ఏదో చెప్పబోతే, బుగ్గ కదిలించకురా నొప్పి పెరుగుతుంది అని ఆపాను. ఈ మధ్య ఏదైనా ఆపరేషన్ జరిగిందా, చెవికి గానీ కంటికి గానీ, అని అడిగింది. కంటికా అన్నాను. వాళ్ళ నాన్న పోలికతో బళ్ళో వేసినప్పటి నుంచీ సీసా అడుగులాంటి అద్దాలు పెట్టుకుంటాడు, అంతకుమించి కత్తి తగిలిన ఒళ్ళు కాదు వాడిది అన్నాను.

"అమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి," అంది డాక్టరమ్మ.

"వాడు ఆవలిస్తే పేగులు లెక్కపెడతాను నేను. వాడి గురించి నన్నడగండి."

అప్పుడు వాడు నోరు విప్పాడు. గ్యాస్ వద్దు, సూదితోనే తీసెయ్యండి అన్నాడు.

నాకు మతిపోయింది. ఏ సూదికి భయపడి మెట్లు దిగి పారిపోయాడో అదే సూది కావాలంటున్నాడు. ఎందుకురా అంటే నేలకేసి చూస్తాడు. డాక్టరమ్మ అడిగినా అంతే. భయంతో అలా అంటున్నాడు, మీరు పెట్టేయండమ్మా అని నేను బతిమాలాను. వద్దన్నవాళ్ళకు నేను పెట్టనంది ఆవిడ. ఇక నాకు ఆగలేదు. అక్కడే కుర్చీ పక్కన కూలబడి ఏడ్చాను. మెడలోకి దిగితే నేనేం కావాలన్నాను. మీ నాన్నా ఇలాగే చెప్పకుండా మొండికేసి పోయాడన్నాను. అనకూడనివి ఇంకా ఏవేవో అన్నాను.

చివరికి వాడు సరే పెట్టండి అన్నాడు.

డాక్టరమ్మ వెంటనే కదల్లేదు. ఇందాక అడిగినవాటికి అమ్మ చెప్పిందంతా నిజమేనా అని వాణ్ణే సూటిగా అడిగింది. వాడు తల ఊపాడు. దించిన తల ఊపితే ఔననీ కాదనీ ఒకేలా ఉంటుంది. నేను ఔననే అనుకున్నాను, ఆవిడా అలాగే అనుకుంది.

నర్సమ్మాయి మీట నొక్కగానే కుర్చీ వెనక్కి వాలబోయింది. వాడు స్ప్రింగులా లేచి కూర్చున్నాడు. వాల్చవద్దు, కూర్చునే ఉంటానన్నాడు. ఇదెక్కడి చోద్యం అనుకున్నాను గానీ డాక్టరమ్మ సరేనంది. ముక్కుకు తొడుగు పెట్టారు. మొదట ప్రాణవాయువు మర తిప్పారు. సంచి ఉబ్బింది. ఉబ్బింది ఉబ్బినట్టే ఉండిపోయింది, ఎంతకీ లొట్టపోవడం లేదు. డాక్టరమ్మ దానికేసి చూసి, మీరు నోటితో పీలుస్తున్నారు, నోరు మూసుకుని ముక్కుతో పీల్చండి అంది. వాడు నోరు మూశాడు. అయినా సంచి కదల్లేదు. ఊపిరి బిగబట్టాడు. మొహం ఎర్రబడుతోంది, మెడ నరాలు తేలుతున్నాయి. ముక్కుతో పీల్చరా నాయనా, ఆ తల్లి చెప్తోంది పీల్చు అని నేను వీపు నిమిరాను. ఎంతసేపని ఆగుతాడు? ఊపిరి అందక ఒక్కసారిగా ముక్కుతో పీల్చాడు. సంచి లొట్టపోయింది.

అదీ, అలా పీల్చాలి, ఇక కొద్దికొద్దిగా గ్యాస్ కలుపుతాను అంటూ డాక్టరమ్మ రెండో మర మీద చెయ్యి వేసింది.

వాడు ఆ చెయ్యి పట్టేసుకున్నాడు. రెండో చేత్తో తొడుగు లాగి పారేశాడు.

"తిప్పకండి. నా కంట్లో గ్యాస్ ఉంది."

అప్పుడు డాక్టరమ్మ మొహం చూశాను. అంతవరకూ పిల్లలతో ఆడుకునే మనిషిలా ఉన్న ఆవిడ పాలిపోయింది. తిప్పని మరను మళ్ళీ బిగించింది. తిప్పి ఉన్నదాన్నీ కట్టేసింది. బండిని కాలితో గోడదాకా తోసి, స్టూలు లాక్కుని కూర్చుంది. తన చేతులు తను చూసుకుంటోంది.

నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. కంట్లో నలుసు పడుతుంది, పుల్ల గుచ్చుకుంటుంది. కంట్లోకి గ్యాస్ ఎలా వస్తుంది? వాపు మెదడుకెక్కి మాట తడబడుతోందని హడలిపోయాను. డాక్టరమ్మ మాత్రం అది మామూలు సంగతే అన్నట్టు ఏ కన్ను అని అడిగింది. కుడి కన్నన్నాడు. ఎప్పుడంటే నెల తిరగలేదన్నాడు. బుడగ ఇంకా కనిపిస్తోందా అంటే, కింద గుండ్రంగా ఊగుతూ కనిపిస్తోంది, మొదట్లోకంటే తగ్గింది అన్నాడు. వాళ్ళిద్దరూ నాకు రాని భాషలో మాట్లాడుకుంటున్నట్టు అనిపించింది.

అప్పుడు ఆవిడ నావైపు తిరిగి విడమరిచి చెప్పింది. కంటి లోపల వెనకగోడకు అతుక్కుని ఒక పొర ఉంటుందట. చూపంతా దాంట్లోనే ఉంటుందట. మందపాటి అద్దాలు పెట్టుకునేవాళ్ళలో కొందరికి ఆ పొర, తడిసిన గోడ మీది కాగితంలా ఊడొస్తుందట. దాన్ని తిరిగి అతికించి, మళ్ళీ ఊడకుండా కంట్లో గ్యాస్ నింపుతారట. ఆ బుడగే పొరను గోడకు అదిమి పట్టుకుని, పని అయ్యాక మెల్లగా దానంతటదే కరిగిపోతుందట.

"మరి ఇది పీలిస్తే ఏమవుతుంది?" అన్నాను.

"ఈ గ్యాస్ రక్తంలో కలుస్తుందమ్మా. ఒంట్లో ఎక్కడ బుడగ ఉంటే అందులోకి దూరుతుంది. కంట్లో బుడగ ఉబ్బుతుంది. కన్ను సాగదు కదా, లోపల రక్తం ఆగిపోతుంది. పన్ను తీసేలోపే చూపు పోవచ్చు."

చూపు పోవచ్చు అనే మాట విన్నాను. దాని వెనకే నా మాటలు నాకే వినిపించాయి. కత్తి తగిలిన ఒళ్ళు కాదు వాడిది. నన్నడగండి. పీల్చరా నాయనా. వాణ్ణి అడిగిన ప్రతి ప్రశ్నకూ నేనే జవాబు చెప్పాను. వాడు ఊపిరి బిగబట్టి కన్ను కాపాడుకుంటుంటే వీపు నిమిరి మరీ పీల్చమన్నాను. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఊరందరికీ చెబుతాను. నా దాకా వస్తే వాడికి గడ్డం వచ్చిందనే సంగతే మరిచిపోయాను.

ఇలాంటివాళ్ళ చేతికి గ్యాస్ వద్దని రాసిన పట్టీ కడతారు, కట్టలేదా అని డాక్టరమ్మ అడిగింది. కట్టారు, అమ్మ చూస్తే అడుగుతుందని ఇంటికి వచ్చేముందు తీసేశాను అన్నాడు. ఆవిడ వాణ్ణి గట్టిగానే మందలించింది. నోటితో పీల్చి ఎవరికీ తెలియకుండా గట్టెక్కేద్దాం అనుకున్నానని వాడు ఒప్పుకున్నాడు. ఆవిడకు మళ్ళీ కోపం వచ్చింది. నాకు కోపం రాలేదు, ఏం రావాలో తెలియలేదు.

నాకెందుకు చెప్పలేదురా అని మాత్రం అడిగాను.

"నీకు చెప్తే ముందు నువ్వు పడిపోతావమ్మా. నిన్ను లేపి కూర్చోబెట్టి, నాకేం కాదని నీకు ధైర్యం చెప్పి, తరవాత నేను ఆపరేషన్‌కి వెళ్ళాలి. అప్పుడు నాకంత ఓపిక లేదు."

వాడి గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, పోట్లాడేదాన్ని.

శిక్షణ లేదు, పాడూ లేదు, వాడు వెళ్ళింది ఆ ఆపరేషన్‌కే. తల దించుకున్నది తప్పు చేసి కాదు. మొహం కిందికి పెట్టి ఉంటేనే బుడగ పైకి తేలి వెనకగోడను ఒత్తుతుందట. వెల్లకిలా పడుకోకూడదట. నేను అంటగట్టిన తాగుడు, మోసం, బస్సు కింద పడ్డవాళ్ళు, అన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. వాటి బదులు ఒక బుడగ వచ్చి కూర్చుంది. ఏది నయమో నాకు తేలలేదు.

పన్ను మాత్రం ఈ రోజే తీయాలని, దానికి ముందు కంటి డాక్టరుతో మాట్లాడాలని డాక్టరమ్మ అంది. ఆయన నంబరు, వాడుతున్న మందులు చెప్పమంది. వాడు నావైపు ఓసారి చూసి, వదినకు తెలుసు, ఆపరేషన్ అప్పుడు దగ్గరుండి చూసుకుంది తనే అన్నాడు. వదిన కిందే ఉంది, పన్ను తీయిస్తానని అమ్మ లాక్కొస్తోందని పొద్దున్న ఫోన్‌లో చెబితే వచ్చింది, నీకు ఎదురుపడకూడదని పైకి రాలేదు అన్నాడు.

నర్సమ్మాయి వెళ్ళి పిలుచుకొచ్చింది. కోడలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కాస్త చిక్కింది. చేతిలో మందుల సంచి.

"రావచ్చా అత్తయ్యా?"

ఆసుపత్రి గదిలోకి రావడానికి నన్ను అడుగుతోంది. పొడవడమంటే ఇదే, కత్తి అక్కర్లేదు.

"ఇది నా ఇల్లు కాదుగా. రా," అన్నాను. అంతకంటే మంచి మాట నా నోటికి రాలేదు.

లోపలికి వచ్చి ఆవిడ డాక్టరమ్మకు అన్నీ చెప్పింది. ఏ చుక్కలు ఏ పూట వేయాలో తడుముకోకుండా చెప్పింది. కంటి డాక్టరుకు ఫోన్ కలిపారు. గ్యాస్ ఒక్కటీ పనికిరాదని, సూదిమందుతో తీయవచ్చని, మనిషిని కూర్చోబెట్టే తీయమని ఆయన చెప్పాడట. సూది అనేసరికి చిన్నాడు ఒక కాలు కుర్చీలోంచి కిందికి దించాడు. నేను లేవబోయాను. అంతలో కోడలు ఒక పని చేసింది. వాడి కాళ్ళ దగ్గర నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మొహం పైకెత్తి, దించిన వాడి మొహంలోకి చూసింది. ఎన్నో రోజులుగా అలవాటైన చోటులో కూర్చున్నట్టు కూర్చుంది.

దించిన మొహంతో మాట్లాడాలంటే నేలమీద కూర్చోవాలని నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. తల ఎత్తరా అని అరవడమే నాకు తెలిసింది.

"మరిదిగారూ, మీ బస్సులో పిల్లలకి ఈ సంగతి తెలిసిందో, రేపటినుంచి హారన్ వాళ్ళే కొడతారు," అంది.

వాడు వాచిన బుగ్గతోనే నవ్వాడు. డాక్టరమ్మ అదే అదనుగా సూది వేసేసింది. వాడు కోడలి భుజం నలిపేశాడు గానీ పారిపోలేదు. బుగ్గ మొద్దుబారేదాకా ఆవిడ ఏదో ఒకటి చెబుతూనే ఉంది. తరవాత డాక్టరమ్మ నిలబడే పన్ను కదిలించింది. వాడి నుదుటిమీద చెమట నేను తుడిచాను. ఆ ఒక్క పనైనా నాకు మిగిల్చారు. పన్ను ఊడొచ్చిన చప్పుడు వినగానే నా కళ్ళు తిరిగాయి. పడిపోతే వాడి మాట నిజమవుతుందని పళ్ళు బిగించి నిలబడ్డాను.

దూది కరిచిపెట్టుకుని వాడు లోపలే కూర్చున్నాడు. మేమిద్దరం వరండాలోకి వచ్చాం. ఆవిడతో ఏం మాట్లాడాలో తెలియదు. దండం పెట్టాలా, నా బిడ్డను నాకు చెప్పకుండా దాచినందుకు దులిపెయ్యాలా? రెండూ నోటిదాకా వచ్చి రెండూ ఆగిపోయాయి.

"బోర్లా పడుకోబెట్టడం, చుక్కలు వేయడం, ఇవన్నీ నీకెవరు నేర్పారు?" అన్నాను చివరికి.

ఆవిడ సంచిలో సీసాలు సర్దుకుంటూ తల ఎత్తకుండానే చెప్పింది.

"ఇది నాకు రెండోసారి అత్తయ్యా."

నాకు తెలిసి ఆవిడ పుట్టింట్లో అందరి కళ్ళూ బాగానే ఉన్నాయి. మరి మొదటిసారి ఎవరికని అడిగాను. ఆవిడ సీసాలు మళ్ళీ మొదటినుంచి సర్దింది.

"మొదటిసారి మేం ఆలస్యంగా వెళ్ళాం," అంది. "దాని గురించి ఎవరికీ చెప్పొద్దన్నారు. ముఖ్యంగా మీకు."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆ నడక నాకు తెలుసు. నెలల తరబడి వినకపోయినా తెలుసు. నా పెద్దకొడుకు ఒక చెయ్యి గోడకు ఆనించుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కి వచ్చాడు. పైకి వచ్చి నా పక్కనే ఆగాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. నేను వాడి ఎడమ కంటివైపు ఉన్నాను.

వాడు నావైపు తిరగలేదు. భార్యనే చూస్తూ గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మ ఇంకా లోపలే ఉందా?"